ఒకే బిళ్లలో నాలుగు మందులు: లెక్క ఎక్కడ కుదురుతుంది, ఎక్కడ తప్పుతుంది

అమాక్సిసిలిన్-క్లావులానేట్ స్ట్రిప్ మీద 625 అని కనిపిస్తే చాలామంది అది మందు డోసు అనుకుంటారు. అది కూడిక. 500 మిల్లీగ్రాముల అమాక్సిసిలిన్, 125 మిల్లీగ్రాముల క్లావులానిక్ ఆమ్లం కలిపితే 625. ఇదే మందు 375గానూ వస్తుంది. అందులో అమాక్సిసిలిన్ సగానికి, అంటే 250కి తగ్గింది గానీ క్లావులానిక్ ఆమ్లం అదే 125. ఇప్పుడు 625 దొరకలేదని ఎవరైనా 375 బిళ్లలు రెండు వేసుకున్నారనుకోండి. అమాక్సిసిలిన్ సరిగ్గా 500 అందుతుంది, క్లావులానిక్ ఆమ్లం మాత్రం రెట్టింపై 250 అవుతుంది. ఈ మందుతో విరేచనాలు పట్టుకునేది ఎక్కువగా ఈ రెండోదాని వల్లే.

రెండు లేదా అంతకంటే ఎక్కువ మందుల్ని ముందే తేల్చిన మోతాదుల్లో ఒకే బిళ్లగానో క్యాప్సూల్‌గానో చేస్తే దాన్ని ఫిక్స్‌డ్ డోస్ కాంబినేషన్, పొట్టిగా ఎఫ్‌డీసీ అంటారు. గుండెపోటు, పక్షవాతం రాకుండా బీపీ మందులు, కొలెస్ట్రాల్ మందు, ఆస్పిరిన్ కలిపి చేసేది ఇందులోనే ఒక రకం, దాని పేరు పాలీపిల్. ఒకే అట్టలో విడివిడి బిళ్లలు పక్కపక్కన పెట్టి ఇచ్చే కాంబీ ప్యాక్ వేరు. అందులోంచి ఒక బిళ్ల తీసి పక్కన పెట్టొచ్చు, ఎఫ్‌డీసీలో అది కుదరదు. నిష్పత్తి ఫ్యాక్టరీలోనే బిగిసిపోతుంది. ఈ మందుల లాభాలూ చిక్కులూ చాలావరకు అక్కడి నుంచే పుడతాయి.

తోడు మందు, కాపలా మందు

కలపడానికి అన్నిటికన్నా బలమైన కారణం ఒక మందు లేకపోతే రెండోది పనిచేయకపోవడం. కొన్ని బ్యాక్టీరియాలు బీటా-లాక్టమేజ్ అనే ఎంజైముతో అమాక్సిసిలిన్‌ను విరగ్గొట్టేస్తాయి. క్లావులానిక్ ఆమ్లం ఆ ఎంజైముకు అతుక్కుని దాన్ని పనికిరాకుండా చేస్తుంది. సూక్ష్మజీవిని చంపే శక్తి దానికి చెప్పుకోదగ్గంత లేదు, కాపలా కాయడమే దాని ఉద్యోగం.

పార్కిన్సన్స్ జబ్బుకు ఇచ్చే లెవోడోపా-కార్బిడోపా జోడీ దీనికంటే ఆసక్తికరం. లెవోడోపా మెదడులోకి చేరి, అక్కడి ఎంజైము చేతిలో డోపమిన్‌గా మారితేనే వణుకు, బిగుతు తగ్గుతాయి. కానీ మెదడు బయట కూడా అదే ఎంజైము ఉంటుంది, దారిలోనే దాన్ని డోపమిన్‌గా మార్చేస్తుంది. అలా బయట తయారైన డోపమిన్ మెదడులోకి పోలేదు, వాంతులూ కళ్లు తిరగడమూ మాత్రం తెస్తుంది. కార్బిడోపా ఈ బయటి ఎంజైమును ఆపుతుంది. తాను మెదడులోకి వెళ్లదు కాబట్టి అక్కడి పని చెడదు.

నిష్పత్తి మీద ఎంత ఆధారపడి ఉంటుందో ఇక్కడ బాగా తెలుస్తుంది. ఆ ఎంజైమును సరిగా అణచాలంటే రోజుకు 70 నుంచి 100 మి.గ్రా. కార్బిడోపా కావాలి. బిళ్లలు 100+10 అనీ, 100+25 అనీ రెండు రకాలున్నాయి. రోజుకు మూడు వేసుకునే వ్యక్తికి రెండింట్లోనూ లెవోడోపా 300 మి.గ్రా.లే. కార్బిడోపా మాత్రం మొదటి రకంతో 30, రెండో రకంతో 75. మందు మొదలుపెట్టిన రోజుల్లో తిన్నది ఇమడని మనిషికి కొన్నిసార్లు కావలసింది వాంతుల బిళ్ల కాదు, మరో నిష్పత్తి ఉన్న అదే మందు.

బిళ్లలోని నిష్పత్తే రక్తంలోనూ ఉంటుందనుకోవడం ఇంకో పొరపాటు. కో-ట్రైమాక్సజోల్ బిళ్లలో సల్ఫామెథాక్సజోల్ 400, ట్రైమెథోప్రిమ్ 80, అంటే 5కి 1. ట్రైమెథోప్రిమ్ కణజాలాల్లోకి బాగా వ్యాపించిపోతుంది కాబట్టి రక్తంలో తేలే నిష్పత్తి సుమారు 20కి 1. రెండూ కలిసి బ్యాక్టీరియాను గట్టిగా దెబ్బతీసేది ఆ 20కి 1 దగ్గర. రక్తంలో అది రావాలనే బిళ్లలో 5కి 1 పెట్టారు. చేతికొచ్చిన రెండు బిళ్లల్ని కలిపి మింగడానికీ, ఆలోచించి చేసిన ఎఫ్‌డీసీకీ ఉన్న దూరం ఇదే.

టీబీలో ఒక్కటీ వదలకూడదు, ఎందుకు?

క్షయ క్రిముల్లో మందుకు లొంగనివి పుట్టుకతోనే కొన్ని ఉంటాయి. స్థూలంగా వేసుకునే లెక్క ప్రకారం ఐసోనియాజిడ్‌కు లొంగనిది 10 లక్షల క్రిముల్లో ఒకటి, రిఫాంపిసిన్‌కు లొంగనిది 10 కోట్లలో ఒకటి. ఊపిరితిత్తిలో పుండు పడి డొల్లగా మారిన చోట 10 కోట్ల క్రిములుండటం మామూలే.

ఐసోనియాజిడ్ ఒక్కటే ఇస్తే 10 కోట్లలో లొంగని 100 క్రిములు బతుకుతాయి. మిగతావి చచ్చి చోటు ఖాళీ అయ్యాక ఆ 100 పెరిగి మళ్లీ పుండును నింపుతాయి, ఈసారి ఐసోనియాజిడ్ పనికిరాని టీబీతో. రెండు మందులూ కలిపి ఇస్తే రెండింటికీ లొంగని క్రిమి వంద లక్షల కోట్లలో ఒకటి. అలాంటి రోగులు 10 లక్షల మందిని వెతికితే ఒక్కరిలో ఒక్క క్రిమి ఉండొచ్చు.

ఈ రక్షణ నిలవాలంటే మందులన్నీ ఒకేసారి ఒంట్లో ఉండాలి. విడి బిళ్లలిస్తే మనిషి సహజంగా ఏం చేస్తాడు? కడుపులో తిప్పే బిళ్లను వదిలి మిగతావి వేసుకుంటాడు, లేదా ఒకటి అయిపోతే ఉన్నవాటితో నెట్టుకొస్తాడు. తెలియకుండానే వైద్యం ఒంటి మందు మీదికి దిగిపోతుంది. అన్నీ ఒకే బిళ్లలో ఉంటే ఆ అవకాశం లేదు: వేసుకుంటే నాలుగూ, మానేస్తే నాలుగూ. నాలుగూ మానేయడం మంచిదని కాదు, కానీ లొంగని క్రిమిని పెంచడంలో ఒక్కటి వదిలేయడం అంతకంటే ప్రమాదం. మలేరియాలోనూ ఇదే తర్కం. ఆర్టిమిసినిన్ మందుల్ని ఒంటరిగా నోటి బిళ్లలుగా అమ్మడం ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో కోరింది.

పెద్దవాళ్ల టీబీ బిళ్లలో రిఫాంపిసిన్ 150, ఐసోనియాజిడ్ 75, పైరజినమైడ్ 400, ఎథాంబుటాల్ 275 మి.గ్రా. ఉంటాయి. 48 కిలోల మనిషికి రోజుకు మూడు బిళ్లలిస్తే రిఫాంపిసిన్ 450, అంటే కిలోకు 9.4 మి.గ్రా., ఉండాల్సింది 8 నుంచి 12. ఐసోనియాజిడ్ 225, కిలోకు 4.7, ఉండాల్సింది 4 నుంచి 6. పైరజినమైడ్ 1,200, కిలోకు సరిగ్గా 25, ఉండాల్సింది 20 నుంచి 30. బిళ్లల సంఖ్య మారిస్తే చాలు, నాలుగూ తమ హద్దుల్లోనే పడతాయి. ఏ బరువుకు ఎన్ని అన్న పట్టిక చూసి ఇచ్చేయొచ్చు, నాలుగు మందులకు నాలుగు లెక్కలు వేయక్కర్లేదు.

బీపీలో సగం డోసుల గుట్టు

బీపీ మందు డోసు రెట్టింపు చేస్తే ఫలితం రెట్టింపవదు. 354 ట్రయల్స్‌ను కలిపి చేసిన విశ్లేషణ ఒకటి 2003లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. సగటున ఒక మందు పూర్తి డోసు పై బీపీని 9.1 పాయింట్లు తగ్గిస్తే, అదే మందు సగం డోసు 7.1 తగ్గించింది. అంటే రెండో సగానికి దక్కింది 2 పాయింట్లే. సైడ్ ఎఫెక్టులది వేరే దారి. అమ్లోడిపిన్ వల్ల వచ్చే పాదాల వాపు, మూత్రం ఎక్కువ పోయేలా చేసే థయజైడ్ మందుల వల్ల రక్తంలో వచ్చే మార్పులు డోసుతో పాటు బాగా పెరుగుతాయి. అందుకే మూడు వేర్వేరు రకాల మందుల్ని సగం సగం డోసుల్లో కలిపితే పై బీపీ సుమారు 20 పాయింట్లు తగ్గుతుందనీ, ఇబ్బందులు తక్కువగా ఉంటాయనీ ఆ విశ్లేషణ అంచనా కట్టింది.

కొన్ని జోడీల్లో ఒకదాని ఇబ్బందిని ఇంకోటి సర్దుతుంది కూడా. థయజైడ్ పొటాషియంను తగ్గిస్తుంది, టెల్మిసార్టాన్ లాంటివి పెంచుతాయి. అమ్లోడిపిన్ వాపు కూడా టెల్మిసార్టాన్ తోడుంటే తగ్గుతుంది. అన్నీ ఇలా సర్దుకోవు లెండి. ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటి బీపీ మందుల పొడిదగ్గు డోసుతో సంబంధం లేకుండా వస్తుంది, సగం చేసినా పోదు.

ఆస్ట్రేలియాలో జరిగి 2021లో లాన్సెట్‌లో వచ్చిన క్వార్టెట్ ట్రయల్ దీన్ని ఇంకో మెట్టు ఎక్కించింది. ఇర్బెసార్టాన్ 37.5, అమ్లోడిపిన్ 1.25, ఇండపమైడ్ 0.625, బిసోప్రోలాల్ 2.5 మి.గ్రా., అంటే నాలుగు మందులు పావు పావు డోసుల్లో ఒకే క్యాప్సూల్‌గా ఒక గుంపుకిచ్చారు. రెండో గుంపుకు ఇర్బెసార్టాన్ ఒక్కటే, 150 మి.గ్రా. అవసరమైతే రెండు గుంపుల్లోనూ మందులు పెంచుకోవచ్చు. 12 వారాలకు నాలుగు మందుల గుంపులో పై బీపీ 6.9 పాయింట్లు అదనంగా తగ్గింది.

ఒకే బిళ్లలో పెట్టడం అంత తేలికా?

కాదు. రసాయనాలు ఒకదాన్నొకటి తింటాయి. దీనికి పేరుపడ్డ ఉదాహరణ టీబీ బిళ్లే. కడుపులోని ఆమ్లంలో రిఫాంపిసిన్ కొంత విడిపోయి ఇంకో పదార్థంగా మారుతుంది, అది ఐసోనియాజిడ్‌తో కలిసి హైడ్రజోన్‌గా తయారవుతుంది. అంటే పక్కనే ఐసోనియాజిడ్ ఉండటం వల్ల రిఫాంపిసిన్ ఇంకా వేగంగా తగ్గిపోతుంది. బిళ్ల మీద 150 అనే ఉంటుంది, రక్తంలోకి అంత అందకపోవచ్చు. అందుకే టీబీ ఎఫ్‌డీసీల్లో మిగతా మందులకన్నా రిఫాంపిసిన్ రక్తంలోకి సరిగా చేరుతోందా అన్నదే ప్రత్యేకంగా నిరూపించాలి. దీన్నే బయోఈక్వివలెన్స్ పరీక్ష అంటారు. ఆరోగ్యవంతులకు ఒకసారి ఎఫ్‌డీసీ, ఇంకోసారి విడి మందులిచ్చి, గంట గంటకూ రక్తం తీసి రెండు గీతలూ ఒకటేనా అని పోలుస్తారు.

పడని మందుల్ని విడదీయడానికి దారులున్నాయి. రెండు పొరల బిళ్ల చేయొచ్చు, మధ్యలో మందులేని పొర పెట్టొచ్చు, ఒకదాని రేణువులకు పూత వేసి కలపొచ్చు. తేమ తగిలితే ఆస్పిరిన్ విడిపోయి ఆమ్లాలవుతుంది, పక్కనున్నవాటినీ చెడగొడుతుంది. ఒక పాలీపిల్‌లో ఈ గొడవ లేకుండా ఆస్పిరిన్, అటోర్వాస్టాటిన్, రామిప్రిల్‌లను పూత వేసిన చిన్న చిన్న బిళ్లలుగా చేసి ఒక క్యాప్సూల్‌లో నింపారు. విప్పి చూస్తే లోపల బిళ్లలే ఉంటాయి.

బరువు ఇంకో సమస్య. పైన చెప్పిన టీబీ బిళ్లలో అసలు మందులే 900 మి.గ్రా. పొడిని అతికించే, విడదీసే పదార్థాలు కలిపాక గొంతు దిగే సైజులో ఉంచడం కష్టం. నెమ్మదిగా విడుదలయ్యే పొర ఉన్న బిళ్లను విరిస్తే రోజంతా రావాల్సిన మందు ఒక్కసారిగా దిగుతుంది. విరవకూడదని రాసేది అందుకే.

పాలీపిల్: అందరికీనా, కొందరికేనా?

అసలు వాదం మొదలైంది 2003లో. నికొలాస్ వాల్డ్, మాల్కం లా అనే ఇద్దరు బ్రిటిష్ పరిశోధకులు స్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మందు, సగం డోసుల్లో మూడు బీపీ మందులు, ఆస్పిరిన్, ఫోలిక్ యాసిడ్ కలిపిన బిళ్లను 55 ఏళ్లు దాటిన వాళ్లందరికీ, గుండెజబ్బు ఉన్నవాళ్లకి ఏ వయసులోనైనా ఇస్తే గుండెపోట్లు, పక్షవాతాలు 80 శాతానికి పైగా తగ్గుతాయని లెక్కగట్టారు. అది లెక్కే, ట్రయల్ కాదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు పరీక్షైనా లేకుండా మందులు పోయడమా అని అప్పుడే గట్టి వ్యతిరేకత వచ్చింది.

తరవాత వచ్చిన ట్రయల్స్‌లో రెండింటిని పక్కపక్కన పెట్టి చదవాలి. ఇరాన్ గ్రామాల్లో 6,838 మందితో చేసిన పాలీఇరాన్ 2019లో వెలువడింది. ఐదేళ్లలో పాలీపిల్ గుంపులో 5.9 శాతానికి, రెండో గుంపులో 8.8 శాతానికి గుండెపోటు, పక్షవాతం లాంటివి వచ్చాయి. 34 శాతం తగ్గిందని చెబుతారు, నిజమే. తేడా 2.9 శాతం కాబట్టి సుమారు 34 మంది ఐదేళ్లు వాడితే ఒకరికి ప్రమాదం తప్పిందన్నదీ నిజమే. అయితే రెండో గుంపుకిచ్చింది అవే మందులు విడిగా కాదు, ఆరోగ్య సలహాలు. అంటే ఈ ట్రయల్ మందుల లాభాన్ని కొలిచింది, కలపడం వల్ల వచ్చే లాభాన్ని కాదు.

కలపడాన్ని కొలిచింది 2022 నాటి సెక్యూర్. గుండెపోటు వచ్చి ఆరు నెలలు దాటని 2,499 మంది పెద్దవయసు వాళ్లలో సగం మందికి పాలీపిల్, సగం మందికి మామూలు వైద్యం. సుమారు మూడేళ్లకు గుండెజబ్బుతో మరణం, మళ్లీ గుండెపోటు, పక్షవాతం, అత్యవసరంగా రక్తనాళం తెరిపించాల్సి రావడం, వీటిలో ఏదో ఒకటి జరిగినవాళ్లు పాలీపిల్ గుంపులో 9.5 శాతం, మామూలు వైద్యం గుంపులో 12.7 శాతం. మందు క్రమం తప్పకుండా వాడినవాళ్లు పాలీపిల్ గుంపులో ఎక్కువ. మెచ్చేవాళ్లు దీన్ని చూపిస్తారు. సందేహించేవాళ్లు అడిగేవీ తీసిపారేయదగ్గవి కావు: ఎవరికి ఏది ఇచ్చారో అందరికీ తెలుసు, రెండు గుంపుల్లో బీపీ, చెడు కొలెస్ట్రాల్ దాదాపు ఒకేలా ఉన్నాయి, అన్ని కారణాల మరణాలూ సమానమే. మరి లాభం ఎక్కడి నుంచి వచ్చింది?

నా దృష్టిలో, ఒకసారి గుండెపోటు వచ్చినవాళ్లకు పాలీపిల్ వాదం బలంగానే నిలబడింది. జబ్బు రానివాళ్ల విషయంలో ఆస్పిరిన్ దగ్గర చిక్కుపడింది. 2018లో వచ్చిన మూడు పెద్ద ట్రయల్స్ గుండెజబ్బు రానివాళ్లకు ఆస్పిరిన్ చేసే మేలును రక్తస్రావాలు దాదాపు మింగేస్తున్నాయని చూపాయి. ఆస్పిరిన్ లేని పాలీపిల్‌లు కూడా అందుకే ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో పాలీపిల్‌లను అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది.

కలిపినంత మాత్రాన మేలు కాదు

టెల్మిసార్టాన్, రామిప్రిల్ రెండూ ఒకే హార్మోను వ్యవస్థను వేర్వేరు చోట్ల అడ్డుకుంటాయి. రెండూ ఇస్తే ఇంకా మంచిదని కాగితం మీద అనిపిస్తుంది. 2008లో ఆన్‌టార్గెట్ ట్రయల్ రెండూ కలిపి ఇచ్చి చూసింది. గుండెకు అదనపు మేలు లేదు. బీపీ మరీ పడిపోవడం, మూత్రపిండాల ఇబ్బంది పెరిగాయి. ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి ఒకే జాతి నొప్పి మందుల్ని జత చేసినా అంతే: నొప్పి తగ్గడం పెద్దగా పెరగదు, కడుపులో పుండు ప్రమాదం పెరుగుతుంది.

డోసు కలిసి పెరగకూడని మందులదీ ఇబ్బందే. షుగర్‌కు వాడే గ్లిమెపిరైడ్ 1, మెట్‌ఫార్మిన్ 500 కలిపిన బిళ్లను తీసుకోండి. మెట్‌ఫార్మిన్ చాలడం లేదని బిళ్లను రోజుకు రెండు చేస్తే, అడగకుండానే గ్లిమెపిరైడ్ కూడా 2 అవుతుంది. మెట్‌ఫార్మిన్ తనంతట తాను షుగర్‌ను మరీ దించదు, గ్లిమెపిరైడ్ దించుతుంది. భోజనం ఆలస్యమైన రోజు చెమటలు పట్టి కళ్లు తిరిగితే కారణం పెంచాలనుకున్న మందు కాకపోవచ్చు, దాని వెంట పెరిగిన మందు.

పేరు వేరు, లోపల అదే

జలుబు బిళ్ల, జ్వరం బిళ్ల, నొప్పి బిళ్ల మూడు వేర్వేరు పేర్లతో ఉంటాయి, మూడింట్లోనూ పారాసిటమాల్ ఉండొచ్చు. 500 మి.గ్రా. ఉన్న జలుబు బిళ్ల రోజుకు మూడు, 650 జ్వరం బిళ్ల నాలుగు, 325 ఉన్న నొప్పి కాంబినేషన్ మూడు వేసుకున్న మనిషికి అందేది 1,500+2,600+975, మొత్తం 5,075 మి.గ్రా. పెద్దవాళ్లకు రోజుకు పై హద్దు 4,000. ఏ ఒక్క స్ట్రిప్ చూసినా తప్పు కనిపించదు. కాలేయం కూడికనే చూస్తుంది. డాక్టరు రాసే కాంబినేషన్లలో ఒక్కో బిళ్లకు పారాసిటమాల్ 325 మి.గ్రా. మించకూడదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2011లో కంపెనీలను కోరడం వెనక ఉన్నది ఈ భయమే.

ఒక్కదాన్ని తీయాల్సి వస్తే

డోసు చాలనప్పుడు ఎఫ్‌డీసీని వదలనక్కర్లేదు, పక్కన విడి బిళ్ల చేర్చొచ్చు. హెచ్ఐవీకి ఇచ్చే టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 బిళ్ల రోజుకొకటే. ఆ మనిషికి టీబీ కూడా వస్తే రిఫాంపిసిన్ కాలేయంలో ఎంజైములను పెంచి డోలుటెగ్రావిర్‌ను తొందరగా కరిగించేస్తుంది. అప్పుడు ఆ బిళ్ల వేసుకున్న 12 గంటలకు డోలుటెగ్రావిర్ 50 ఒక్కటే ఇంకోసారి ఇస్తారు.

తీయడం కష్టం. ఒంటి మీద దద్దుర్లు వస్తే బిళ్లలో ఎవరిది తప్పో తెలియదు. గర్భం వస్తే టెల్మిసార్టాన్ ఆపాలి, అదే బిళ్లలో ఉన్న అమ్లోడిపిన్ కూడా దానితో పాటే ఆగిపోతుంది, బీపీకి వేరే ఏర్పాటు వెంటనే కావాలి. టీబీ రోగికి కామెర్లు వచ్చినప్పుడు చిక్కు అన్నిటికన్నా పెద్దది. నాలుగింట్లో రిఫాంపిసిన్, ఐసోనియాజిడ్, పైరజినమైడ్ మూడూ కాలేయాన్ని దెబ్బతీయగలవు. బిళ్ల మొత్తం ఆపి, కాలేయం పరీక్షలు దారికొచ్చాక విడి మందుల్ని ఒక్కొక్కటిగా, మధ్యలో రోజులు విడిచి, పరీక్షలు చేస్తూ మొదలుపెడతారు. ఎఫ్‌డీసీ ఎంత బాగా పనిచేసే చోటైనా విడి బిళ్లల నిల్వ ఉండి తీరాలనడం ఇందుకే. దోషం పైరజినమైడ్‌దని తేలితే దాన్ని వదిలేసి మిగతా వాటితోనే వైద్యం సాగుతుంది, 6 నెలల్లో అయిపోవాల్సింది 9 నెలలు పడుతుంది.